71 మిల్లీమీటర్ల వెలుతురు

పల్నాడులో సంక్రాంతికీ తిరునాళ్లకీ బండలాగుడు ఉండాల్సిందే. జతలు ఎక్కువొచ్చిన రోజున పొద్దుగూకినా పోటీ ఆగదు, ఫ్లడ్‌లైట్ల కింద సాగుతుంది. ఈపూరులోనో వినుకొండలోనో ఉంటూ సరదాకి ఫోటోలు తీసుకునే కుర్రాడికి చిక్కు అక్కడే మొదలవుతుంది. తాడు దాటి బరిలోకి పోనివ్వరు కాబట్టి గిత్త మొహం దూరం నుంచే పట్టాలి. డెక్కలు మసకబారకూడదు. వెలుతురు చూస్తే అంతంతమాత్రం.

ఇలాంటి పనికి ఫోటోగ్రాఫర్లు చెప్పే లెన్స్ 70–200 ఎఫ్ 2.8. కొత్తది కొనాలంటే లక్ష దాటుతుంది. ఆ డబ్బు దేనికో ఒక చిన్న భాగహారం చెబుతుంది. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 200 మిల్లీమీటర్లు, దాన్ని 2.8తో భాగిస్తే 71. వెలుతురు లోపలికి వచ్చే దారి అంత వెడల్పన్నమాట. కెమెరాతో చవగ్గా వచ్చే టెలి జూమ్‌ని చివరిదాకా లాగితే ఎఫ్ 5.6, అంటే 200 దగ్గర 36 మిల్లీమీటర్ల లోపే. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుంది. ఎఫ్ 2.8 దగ్గర సెకనులో 500వ వంతులో దొరికే బొమ్మకి ఇక్కడ 125వ వంతు కావాలి. గిత్త కాలు కదిలిపోవడానికి ఆ తేడా చాలు.

ఈ లెన్స్ ఒక్కరోజులో పుట్టలేదు. దూరాన్ని దగ్గర చేసే టెలిఫోటో లెన్స్‌ని ఇంగ్లండులో టి.ఆర్. డాల్‌మేయర్ 1891లో రూపొందించాడు. అద్దాల మధ్య ఎడం మార్చి నాభ్యంతరాన్ని మార్చే ఉపాయానికి 1902లో క్లైల్ అలెన్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. 1932లో కుక్ వారో లెన్స్ సినిమా కెమెరాకెక్కింది. స్టిల్ ఫోటోలు తీసే 35 ఎం.ఎం. కెమెరాకి మాత్రం జూమ్ 1959 దాకా రాలేదు. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఫ్రాంక్ బాక్ లెక్కగట్టిన 36–82 ఎఫ్ 2.8 జూమార్‌ని ఫోక్ట్‌లాండర్ కంపెనీ అమ్మింది.

అంత ఆలస్యానికి ఒక కారణం గాజులోనే ఉంది. పూత లేని గాజు మీద పడిన వెలుతురులో సుమారు 4 శాతం ప్రతి ఉపరితలం దగ్గరా వెనక్కి పోతుంది. 1995 నాటి కెనాన్ 70–200 ఎఫ్ 2.8లో 18 అద్దాలు 15 గుంపులుగా ఉంటాయి, అంటే గాలికి తగిలే ఉపరితలాలు 30. పూతలు లేకపోతే 30 శాతం వెలుతురు కూడా అవతలికి చేరదు. 71 మిల్లీమీటర్ల దారి తెరిచి ఏం లాభం? 1935లో జైస్ కంపెనీలో స్మకులా కనిపెట్టిన పల్చటి పూత ఈ జూమ్‌ల అసలు ప్రాణదాత అని నా అభిప్రాయం. పేటెంట్ల కథల్లో ఆయన పేరు తక్కువగా వినిపిస్తుంది. ఇక బొమ్మలో వస్తువుల అంచుల వెంట తేలే ఊదారంగు మరకల్ని తగ్గించడానికి ఫ్లోరైటు, తక్కువ విక్షేపణ ఉన్న గాజు వచ్చాయి. ఖరీదు పెరిగిందీ వాటితోనే.

తర్వాతి ఆకర్షణ వణుకు ఆపే యంత్రాంగం. కెనాన్ దాన్ని 1995లో 75–300 జూమ్‌లో పెట్టింది, 2001లో 70–200 ఎఫ్ 2.8కీ చేర్చింది. చేతి వణుకుని గైరో సెన్సర్ పసిగడుతుంది, లోపలి అద్దాల గుంపు అందుకు ఎదురు జరుగుతుంది. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ నిలబడి ఉన్నప్పుడు దీని ఉపయోగం తెలుస్తుంది. బండలాగుడులో మాత్రం కదిలేది మన చెయ్యి కాదు, ఎడ్లు. పరిగెత్తే కాలిని ఏ గైరో ఆపలేదు. కాబట్టి చేతిలో డబ్బు తక్కువున్న కుర్రాడు ముందుగా వదులుకోవలసింది ఈ సౌకర్యాన్నే, వెలుతురుని కాదు.

అలా వదులుకుంటే సెకండ్‌హ్యాండ్ బజారు తెరుచుకుంటుంది. కెనాన్ వాళ్లకి ఆ 1995 నాటి 70–200 లెన్సే ఉంది. మోటారు అందులోనే ఉంటుంది, అడాప్టర్ పెడితే కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల మీదా పనిచేస్తుంది. నికాన్ వాళ్లకి పాత ఏఎఫ్ 80–200 ఎఫ్ 2.8 ఉంది, కానీ ఫోకస్ తిప్పే మోటారు లెన్స్‌లో కాదు, కెమెరాలో ఉండాలి. డి90, డి7000లలో అది ఉంది. డి3000, డి5000 వరసల్లో లేదు, వాటికి తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఎడ్లు దూసుకొస్తుంటే అది అయ్యే పని కాదు.

ఉప్పలపాడు చెరువు మీద పొద్దున్నే గూడబాతుల్ని తీయడమే కోరికైతే ఇంత బరువు అక్కర్లేదు, ఎఫ్ 4 లెన్స్ సగం బరువుతో సరిపోతుంది. ముందు వరసలో చోటు దొరికితే 85 ఎఫ్ 1.8 ఇంకా చవక, వెలుతురు రెండింతలకు పైగా ఇస్తుంది. జూమ్ మాత్రం ఉండదు.

పాత లెన్స్ కొనేటప్పుడు వెలుతురు వచ్చే ద్వారాన్ని పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. లోపల సన్నటి తెల్లని పోగులు కనిపిస్తే బూజు పట్టినట్టే. ముదిరితే పూతని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ల నుంచి వచ్చిన లెన్స్‌ని మరీ జాగ్రత్తగా చూడాలి. మోటారు ఉన్న పాత లెన్స్‌లో అది కీచుమంటుంటే వదిలేయడమే మంచిది, విడిభాగాలు దొరకడం కష్టం. రెండు రింగుల నికాన్ 80–200లో ఆటోఫోకస్ నుంచి మాన్యువల్‌కి మార్చే ఏ–ఎం ప్లాస్టిక్ రింగు పగలడం మామూలే. ఆటోఫోకస్ దగ్గర నిలిచేలా టేపు చుట్టి వాడుకునేవాళ్లున్నారు. అది చూపించి ధర తగ్గించమని గట్టిగానే అడగొచ్చు.