వయ్యారిభామను వట్టిచేతులతో పీకవద్దు



ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలలో వానలు పడగానే గట్లమీద, బీళ్ళలో, బాటల ప్రక్కన తెల్లని పూల వయ్యారిభామ మొలచును. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ కలుపు 1955లో పూణెలో కనబడి, పిమ్మట దేశమంతట వ్యాపించినది.

"ఏండ్ల తరబడి పీకుచున్నాను, నాకేమి కాలేదు" అని మీరు అనవచ్చును. కాని చిక్కంతయు అక్కడనే ఉన్నది. మన రక్తములోని తెల్లకణములు ఒంటికి కావలివారు. ఈ మొక్కలోని పార్థీనిన్ అను పదార్థము పదేపదే చర్మమునకు సోకగా, కొందరిలో ఆ కణములు దానిని శత్రువుగా గుర్తుంచుకొనును. అటుపై కొద్దిపాటి ధూళి తగిలినను కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి దురదపుట్టును, చర్మము మందమగును. పుప్పొడివలన కొందరికి తుమ్ములు, ఉబ్బసము కూడ వచ్చును. ఇది అంటువ్యాధి కాదు. మందులతో దురద తగ్గునుగాని, కణములు ఆ గుర్తును సులభముగా మరువవు.

కనుక ఈ క్రింది జాగ్రత్తలు పాటించుడు:

1. పూతకు ముందే, నేల తడిగా నున్నప్పుడు వేళ్ళతోసహా పీకవలెను. ఒక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును.

2. చేతులకు తొడుగులు, నిండుచేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ ఉండవలెను. కూలివారికిని తొడుగులు మీరే ఇవ్వవలెను.

3. పని ముగియగానే సబ్బుతో స్నానముచేసి, బట్టలు ఉతుకవలెను.

4. ఒకమారు దురద వచ్చినవారిని ఈ పనికి పంపరాదు, చర్మవైద్యునికి చూపవలెను. ఎండిన మొక్క ధూళి కూడ వారికి హానియే.

గట్టుమీది కలుపు పంటకేగాక మీ ఒంటికిని చేటని మరువకుడు.