మంచు ముక్కలకు మిద్దెమీది నీరు చాలునా?

కుళాయి త్రిప్పిన నీరు వచ్చినట్లే, మీట నొక్కిన మంచు ముక్కలను రాల్చు రిఫ్రిజిరేటర్లు కలవు. 1953లో అమెరికాలో సెర్వెల్ సంస్థ ఇండ్లలో వాడదగిన మంచు యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. నేడచ్చట ఇది సామాన్యమైన వంటింటి పరికరము. మన యిండ్లలో దీనిని నీటి గొట్టమునకు కలుపబోయినప్పుడు మాత్రము ఒక చిక్కు ఎదురగును. దానికి మూలము నీటి పీడనము.

వంటింటి చన్నీటి గొట్టమునుండి ఒక చిన్న కుళాయి ద్వారా పావు అంగుళపు సన్నని గొట్టమును తీసి, రిఫ్రిజిరేటరు వెనుక నున్న కవాటమునకు కలుపుదురు. మంచు అచ్చు ఖాళీ కాగానే కవాటము తెరచుకొని, నియమిత కాలమైన పిదప మూసికొనును. విరివిగా వాడు ఒక రకములో ఆ కాలము 7.5 సెకండులు. అంతలో సుమారు 140 ఘనసెంటీమీటర్ల నీరు అచ్చులో పడవలెను. ఈ యంత్రము కొలుచునది కాలమునే గాని నీటిని గాదు. పీడనము బాగుగా తగ్గినచో నీరు మెల్లగా వచ్చి ముక్కలు చిన్నవగును.

అంతటితో పోయిన బాధ లేదు. కవాటమును విద్యుత్తే తెరచి మూయునని పలువురు తలతురు. నిజమునకు విద్యుదయస్కాంతము ఒక చిన్న ఇనుప కడ్డీని పైకి లాగును, అంతే. ద్వారమును మూసియుంచునది ఒక రబ్బరు పొర. దాని అంచున నున్న సూదిమొనంత రంధ్రము గుండా నీరు పొరపైకి చేరును. అందుచే పొర పైభాగమంతటను గొట్టములోని పీడనమే యుండును. క్రిందివైపున నడిమి భాగము ఖాళీ గొట్టమునకు ఎదురుగా నుండుటచే అచట ఆ పీడనము లేదు. ఈ తేడా వలన పొర ద్వారముపై గట్టిగా అదుముకొనును. కడ్డీ లేచినప్పుడు పొర నడుమనున్న మరియొక రంధ్రము తెరచుకొని, పైనున్న నీరు జారిపోవును. అప్పుడు పొర లేచి నీరు పారును. కడ్డీ దిగగానే పైన పీడనము మరల పెరిగి పొర మూసికొనును. అనగా నీటిని ఆపునది నీరే!

పీడనము చాలనిచో పొర సరిగా అదుముకొనక నీరు బొట్టుబొట్టుగా కారును. ఆ బొట్లు అచ్చును నింపు గొట్టపు మూతిలోనే గడ్డకట్టి దానిని మూసివేయును. లేదా క్రింది పెట్టెలో పడి ముక్కలన్నిటిని ఒకే దిమ్మగా చేయును.

సామాన్యముగా ఈ కవాటములకు చదరపు సెంటీమీటరునకు కనీసము 1.4 కిలోగ్రాముల పీడనము కావలెను. అమెరికా పట్టణముల గొట్టములలో తరచు 3 మొదలు 5 కిలోగ్రాముల వరకు ఉండును గనుక అచ్చటివారికి ఈ ప్రశ్నయే రాదు. మన నీరు మిద్దెమీది తొట్టినుండి దిగును. 10 మీటర్ల ఎత్తు నీరు సుమారు 1 కిలోగ్రాము పీడనము నిచ్చును. ఈ లెక్కన తొట్టి 14 మీటర్ల ఎత్తున నుండవలెను. ఒంటి అంతస్తు ఇంటి తొట్టి రిఫ్రిజిరేటరుకంటె 3 మీటర్లే యెత్తున నున్నచో లభించునది 0.3 కిలోగ్రామే. తొట్టి ఎంత వెడల్పైనను ఫలము లేదు. అయిదంతస్తుల మేడలో నేలవాటావారికి నీరు చాలవచ్చును గాని, తొట్టి క్రిందనే నివసించు పై వాటావారికి చాలదు.

పీడనము పెంచు చిన్న పంపును అమర్చుట ఒక మార్గము. చేతితో నీరు పోయు తొట్టి గల రిఫ్రిజిరేటరు కొనుట మరియొకటి, ఇదే చవుక. పంపు పెట్టినవారి యింట ఆ సన్నని గొట్టము రేయింబవళ్ళు పీడనమును భరించవలసి యుండును. అందుచే దానిని రెండు మూడు చుట్లు వదులుగా నుంచవలెను. లేనిచో ఊడ్చుటకు యంత్రమును ముందుకు లాగినప్పుడు అతుకు ఊడును. గొట్టము మొదటనున్న చిన్న కుళాయి చేతి కందుచోట నుండవలెను. ఊరికి పోవునప్పుడు దానిని కట్టిపోనిచో, అతుకు ఊడిన నాడు ఇల్లంతయు నీటిపాలగును.