ఇద్దరు మొగిలయ్యలు, ఒక్క మీట

గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా చాలా ఇళ్లలో పాత పెన్‌డ్రైవ్‌లుంటాయి. వాటి నిండా భజనలు, జానపదాలు, సినిమా పాటలు కలగాపులగంగా పడి ఉంటాయి. మోగిస్తే తెర మీద ‘ట్రాక్ 07’ అనో, ‘అన్‌నోన్ ఆర్టిస్ట్’ అనో, పాటను దించుకున్న వెబ్‌సైట్ పేరో కనిపిస్తుంది. పాట పేరు, గాయకుడు, ఆల్బమ్, సంవత్సరం వంటి వివరాలు ఫైల్‌లోనే చీటీ అంటించినట్టు ఉంటాయి; వాటినే ట్యాగులంటారు. ఎంపీ3ట్యాగ్, కిడ్3 లాంటి సాఫ్ట్‌వేర్‌తో వెయ్యి ఫైళ్ల చీటీలను ఒక్క దెబ్బకు మార్చేయవచ్చు. ఆ సౌకర్యాన్ని వాడుకోవాల్సిందే. కాకపోతే అన్ని పాటలకూ ఉమ్మడిగా ఉన్నదాన్నే మూకుమ్మడిగా దిద్దాలి. మనిషి పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి నెమ్మదించాలి.

ముందు మూకుమ్మడి పని గొప్పదనం చూద్దాం. అయిదువందల పాటలకు ఒకే వెబ్‌సైట్ పేరు తగులుకుని ఉంటే ఒక్కొక్కటీ తెరిచి చెరపడం వృథా ప్రయాస. అన్నీ ఎంచుకుని ఒకేసారి తుడిచేయాలి. పదిమంది పాడిన జానపద ఆల్బమ్ తెర మీద పది ముక్కలై కనిపించడం మరో తంటా. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడిలో అన్నిటికీ ‘వివిధ గాయకులు’ అని పెడితే ముక్కలన్నీ ఒక్కచోట చేరతాయి. పాడినవారి పేర్లు వాటి గడిలో వాటికి భద్రంగా ఉంటాయి. ఫైల్ పేర్లే పద్ధతిగా ఉంటే, ‘గాయకుడు, అడ్డగీత, పాట’ అన్న వరుస చెబితే చాలు, సాఫ్ట్‌వేరే ఆ మాటల్ని విడగొట్టి ఏ గడిలోది ఆ గడిలో వేస్తుంది.

చిక్కంతా పేర్ల దగ్గరే. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలోనూ ఆయన గొంతు వినిపిస్తుంది. ఆయన పేరును కొందరు ‘మొగులయ్య’ అని, కొందరు ‘మొగిలయ్య’ అని రాస్తారు. కంప్యూటర్ లెక్కలో వాళ్లు ఇద్దరు గాయకులు. ‘మొగిలయ్య ఉన్నచోటల్లా మొగులయ్య’ అని వెతికి మార్చే ఆదేశమిస్తే తీరిపోతుందనిపిస్తుంది. కానీ 2023లో వచ్చిన ‘బలగం’ పతాక సన్నివేశంలో పాడిన పస్తం మొగిలయ్య వేరే మనిషి, వరంగల్ జిల్లా బుర్రకథ కళాకారుడు. ఆ ఒక్క మీటతో ఆయన పాట దర్శనం మొగులయ్య ఖాతాలో పడుతుంది. ఒకరి పేరు దిద్దబోయి ఇంకొకరి పేరు చెరిపినట్టవుతుంది.

పాటను విని పోల్చే సాఫ్ట్‌వేర్లుండగా ఈ శ్రమ దేనికని అడగవచ్చు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ ధ్వనిని వేలిముద్రలా పోల్చి వివరాలు తెచ్చిపెడుతుంది, నిజమే. అయితే ఎవరో ఒకరు ముందే నమోదు చేసిన పాటనే అది గుర్తుపడుతుంది. ఊరి గుడి దగ్గర ఫోన్‌లో పట్టిన భజనకు అక్కడ జాడ దొరకదు. ఆన్‌లైన్ యాప్‌లకూ అదే పరిమితి. మరి తెలుగులో రాస్తే పాత కారు సెట్టులో గళ్లు గళ్లుగా కనిపిస్తుందన్న అభ్యంతరం? తెలుగు లిపి లేని సెట్టు గళ్లే చూపిస్తుంది. పైగా పాత ట్యాగుల్లో చోటూ తక్కువే. 1996లో వచ్చిన తొలి ఐడీ3 ట్యాగు మొత్తం 128 బైట్లు, అందులో గాయకుడి పేరుకు 30. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు కావాలి. ఆ లెక్కన ‘దర్శనం మొగులయ్య’కే 43 అవుతాయి. తర్వాతి తరం ట్యాగుల్లో ఈ ఇరుకు లేదు. పాత సెట్టు కోసం ఫైల్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచి, ట్యాగు తెలుగులో రాసుకుంటే రెండు పనులూ జరుగుతాయి.

కాబట్టి మొదట నకలు తీసి దాచాలి. ఒక్కో పేరుకు ఒకే రాత ఖాయం చేసుకోవాలి. గాయకుల వారీగా పేర్చి, మార్పు వరుసంతా కళ్లతో చూశాకే మీట నొక్కాలి. వ్యాఖ్య గడిలో ఊరు, వాద్యం, రికార్డు చేసిన తేదీ వేయాలి. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి జవాబిచ్చిన తీరూ ఇలా పేరు పేరునా నమోదు చేయడమే. గద్వాల ప్రాంతంలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన ఆయన, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులను చేర్చారు. అక్కడ ‘వివిధ కవులు’ అని ఒక్క మాటతో సరిపెట్టి ఉంటే, అది జవాబే అయ్యేది కాదు.