నొక్కింది ఎవరు?

కంప్యూటరు తెర మీద ఒక బటన్ ఉంది. మీరు మౌసును కదిపి, బాణం గుర్తును దాని మీదికి తెచ్చి 'టిక్'మని నొక్కారు. పని జరిగింది. మరి మౌసును ఎవరూ ముట్టుకోకుండానే ఆ బటన్ పనిచేస్తే? దయ్యం పని అనుకోకండి. ఒకటి రెండు పంక్తుల ప్రోగ్రాముతో అది సాధ్యమే.

ముందు అసలు నొక్కుడు సంగతి చూద్దాం. 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన మొదటి మౌసు ఒక చిన్న చెక్కపెట్టె. దానికి ఒకే ఒక మీట. నేటి మౌసు ఎంత నాజూకైనా చేసే పని అదే: "ఇంత దూరం కదిలాను, నా మీట కిందికి దిగింది, మళ్ళీ పైకి లేచింది" అని కబురు పంపడం. బటన్ ఎక్కడుందో, దాని మీద ఏం రాసి ఉందో దానికి తెలియదు. బాణం ఏ బటన్ మీద ఉందో లెక్కకట్టి, ఆ బటన్‌కు మూడు చీటీలు పంపేది బ్రౌజరు. మీట దిగగానే 'మౌస్‌డౌన్', లేవగానే 'మౌస్‌అప్', ఆ వెంటనే 'క్లిక్'. "క్లిక్ చీటీ వస్తే ఫలానా పని చెయ్యి" అని పేజీ రాసినవారు ముందే రాసిపెడతారు. బటన్ చూసేది చీటీనే గాని మీ వేలిని కాదు.

ఇక్కడే ఉంది కిటుకు. కావలసింది చీటీయే అయితే, దాన్ని మనమే రాసి పంపకూడదా? పంపవచ్చు. వెబ్ పేజీలను ఆడించే జావాస్క్రిప్ట్ భాషను 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించాడు. అందులో ముందు బటన్‌ను వెతికి పట్టుకుని, ఆపైన 'బటన్.క్లిక్()' అంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలలో రాయాలి సుమా! బాణం గుర్తు ఏ మూలన ఉన్నా సరే, బటన్ పని మొదలుపెడుతుంది. అయితే ఈ పద్ధతిలో వెళ్ళేది 'క్లిక్' చీటీ ఒక్కటే. 'మౌస్‌డౌన్' కోసం కాచుకుని ఉండే పేజీ దగ్గర ఈ ఉపాయం పారదు. ఆ చీటీని విడిగా తయారుచేసి పంపాలి.

మరి బ్రౌజరు మోసపోతుందా? ప్రతి చీటీ మీదా అది ఒక ముద్ర వేస్తుంది. దాని పేరు 'ఈజ్‌ట్రస్టెడ్', అంటే నమ్మదగినదా అని. మనిషి నొక్కితే 'ట్రూ', పేజీలోని ప్రోగ్రాము పంపితే 'ఫాల్స్'. ఆ ముద్రను ప్రోగ్రాము దిద్దలేదు. ఎందుకింత జాగ్రత్త అంటారా? ఏదో ఒక పేజీ మీరు అడగకుండానే తెరనంతా ఆక్రమించి, మీ బ్యాంకు పేజీలాగా వేషం కట్టవచ్చు. అందుకే తెరనంతా నింపడం, కొత్త కిటికీలు తెరవడం వంటి పనులకు బ్రౌజర్లు మనిషి నొక్కితేనే ఒప్పుకుంటాయి.

కాని ఈ కాపలా పేజీ లోపలి ప్రోగ్రాములకే. బయటినుంచి బ్రౌజరునే నడిపించే పనిముట్లు వేరే ఉన్నాయి. 2004లో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టిన సెలీనియం అలాంటిది. పేజీలో మార్పు చేసిన ప్రతిసారీ బటన్లన్నీ సరిగా ఉన్నాయో లేదో మనిషి కూర్చుని నొక్కి చూడాలంటే ఓపిక చాలదు. ఆ చాకిరీ ఇది చేస్తుంది. నేటి సెలీనియం నొక్కితే మూడు చీటీలూ వెళతాయి, ముద్ర కూడా 'ట్రూ' అనే పడుతుంది!

చిక్కంతా అక్కడే వచ్చింది. తత్కాల్ రైలు టిక్కెట్లు ఉదయం 10 గంటలకు ఏసీ తరగతులకు, 11 గంటలకు మిగతావాటికి తెరుస్తారు. మీ నాన్నగారు పేరూ వయసూ టైపు చేస్తుండగానే దొంగ ప్రోగ్రాములు అన్నీ నింపేసి బటన్ నొక్కేస్తాయి. క్యూలో మోచేత్తో తోసుకుని ముందుకు పోవడం లాంటిదే ఇదీ. ముద్ర చూసి వీటిని పట్టలేం. చివరికి రైల్వేవారు నొక్కే మనిషినే గుర్తుపట్టే దారి పట్టారు. ఆన్‌లైన్ తత్కాల్‌కు 2025 జూలై 1 నుంచి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు.

మీ బడిలో కంప్యూటరు ఉంటే ఒక ప్రయోగం చేయండి. ఒకే బటన్ ఉన్న చిన్న పేజీ రాసి, క్లిక్ చీటీ వచ్చినప్పుడల్లా 'ఈజ్‌ట్రస్టెడ్' ముద్రను తెర మీద చూపించమనండి. ఒకసారి చేత్తో, ఒకసారి ప్రోగ్రాముతో నొక్కి తేడా చూడండి. తరువాత మౌసును పక్కన పెట్టి, కీబోర్డు మీద 'ట్యాబ్' మీటతో బటన్ దగ్గరికి వెళ్ళి 'ఎంటర్' కొట్టండి. మౌసు కదలనే లేదు, అయినా క్లిక్ చీటీ వస్తుంది, ముద్ర 'ట్రూ' అనే ఉంటుంది. చూపు లేనివారు, మౌసు పట్టుకోలేనివారు రోజూ బటన్లు నొక్కేది ఇలాగే.