దుష్కరము - అసాధ్యము



నేటి ప్రసంగమునకు విషయము 'దుష్కరము' అను విశేషణము. మాట చిన్నదియే, కాని తప్పుగా వాడినచో కార్యము చెడును, ఒక్కొక్కప్పుడు మనుష్యుని పేరును చెడును.

'దుస్' అను నుపసర్గకు చెడు అనియు, కష్టమనియు రెండర్థములు ముఖ్యముగా గలవు. 'దుష్కార్యము'నందు మొదటిది, 'దుష్కరము'నందు రెండవది. ఈషత్, దుస్, సు అనువాని పిమ్మట ధాతువునకు ఖల్ అను ప్రత్యయమును పాణిని విధించెను. దానివలన సుఖముగా చేయనగునది సుకరము, కష్టముతో చేయనగునది దుష్కరము అయినవి. అట్లే కష్టముతో పొందనగునది దుర్లభము, దాటనగునది దుస్తరము, ఓర్వనగునది దుస్సహము. కష్టమెచ్చట నున్నదో ధాతువే తెలుపుచున్నది. కావున కఱవునాడు ధాన్యము దుర్లభము. వరదనాటి యేఱు దుస్తరము. నడివేసవి యెండ దుస్సహము. వీనిని తాఱుమాఱు చేయరాదు.

తెనుగున 'సులభము' మాత్రము తన హద్దు దాటినది. సుఖముగా లభించునది యను నర్థముతో నిలువక, తేలికయైన ప్రతి పనికిని వర్తించుచున్నది. తేలిక లెక్కను సులభమందుము. అయినను కఠినమైన లెక్కను దుర్లభమనము. వాడుక స్థిరపడినచోట వ్యాకరణము తల యొగ్గవలసినదే.

ఇక ముఖ్యాంశము. దుష్కరము అసాధ్యము కాదు. 'చేయనగును' అను నర్థము ఆ మాటలోనే యున్నది. చేరుట కష్టమగుటచేతనే కోటకు దుర్గమను పేరు గలిగెను. అయినను శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును 1514లోను, కొండవీటి దుర్గమును 1515లోను గజపతులనుండి గైకొనెను. అవి దుర్గములే గాని పట్టువడనివి కావు.

ఊర పెద్దల మాటకు బలము మెండు. చెఱువు పూడిక తీయుట దుష్కరమని మీరన్నచో, ఎందఱు కూలీలు కావలెను, ఎన్ని దినములు పట్టును అను నాలోచన పుట్టును. అసాధ్యమన్నచో పారలు మూలబడును. దుష్కార్యమని వ్రాసితిరేని, పూనుకొన్నవారిని దూషించినట్లగును. అర్జీలోగాని తీర్మానములోగాని యీ మూటిలో నొకటి వ్రాయునప్పుడు కలము నొక్కింత యాపి, ఏది నిజమో చూచి మఱి వ్రాయుడు.

బిడ్డలయెడలను ఇంతే. పాఠము రాక తల వంచుకొనిన బాలునితో "ఇది నీకు రాదు" అనకుడు. "ఇది కష్టము, మఱికొంత పాటుపడుము" అనుడు. దుష్కరమను మాటకు అదియే సరియైన తాత్పర్యము.