డిసెంబరు 24 రాత్రిలోగా: అమెరికన్ క్రిస్మస్ హాస్యచిత్రాలు

అమెరికన్ క్రిస్మస్ హాస్యచిత్రంలో గడువు ముందే తెలిసి ఉంటుంది. డిసెంబరు 24 రాత్రికి చెట్టు నిలబెట్టాలి, ఇంటి చూరుకు దీపాలు కట్టాలి, పిల్లవాడు అడిగిన బొమ్మ కొనాలి, ఎక్కడెక్కడి చుట్టాలూ ఇల్లు చేరాలి. వీటిలో ఒక్కటీ అనుకున్నట్టు జరగకపోవడంతో కథ నడుస్తుంది. ఏసు పుట్టుక ప్రస్తావన ఈ సినిమాల్లో చాలా తక్కువ. చర్చి వచ్చినా ఒక సన్నివేశంలో వచ్చి తప్పుకుంటుంది. నవ్వు పుట్టేది జీతం దగ్గర, దుకాణం దగ్గర, ఇరుగుపొరుగు దగ్గర, అన్నిటికంటే ఎక్కువగా బంధువుల దగ్గర. పండగంటే గడువులోగా తెమల్చవలసిన పెద్ద పని అన్న చూపు వీటన్నిటిలోనూ ఉంది. ఆ మతంతో సంబంధం లేనివారికి కూడా ఇవి ఇట్టే అర్థమవడానికి అదే కారణం.

లారెల్, హార్డీల 'బిగ్ బిజినెస్' (1929) ఈ వరుసకు తొలి మెట్టు. సుమారు ఇరవై నిమిషాల మూకీ చిత్రం. మంచు అన్నది ఎరగని కాలిఫోర్నియా ఎండలో ఇద్దరూ ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ చెట్లు అమ్ముతుంటారు. ఒక ఇంటాయన (జేమ్స్ ఫిన్లేసన్) తనకు చెట్టు వద్దని తలుపు మూస్తాడు. కొమ్మ సందులో ఇరుక్కుంటుంది. గంట కొట్టడం, తలుపు తీయడం, మళ్ళీ ఇరుక్కోవడం. ఆ చిన్న చికాకు ముదిరి ముదిరి, వీళ్ళు ఆయన ఇంటినీ ఆయన వీళ్ళ కారునూ తుక్కుతుక్కు చేసేదాకా పోతుంది. పోలీసు ఎదురుగా నిలబడి జరిగినదంతా శ్రద్ధగా పుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు. పండగ సరుకు అమ్మేవాడికీ అక్కర్లేదనేవాడికీ మధ్య మొదలైన ఈ తగాదా తర్వాతి సినిమాల్లో రకరకాల వేషాలు మార్చుకుంది.

టాకీల కాలంలో ఈ తరహాకు మొదటి గొప్ప చిత్రం ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన 'ద షాప్ ఎరౌండ్ ద కార్నర్' (1940). నిర్మాణం హాలీవుడ్‌లోనే అయినా కథ జరిగేది బుడాపెస్ట్‌లోని ఒక తోలు సామాన్ల దుకాణంలో. అక్కడ పనిచేసే ఇద్దరు గుమస్తాలు (జేమ్స్ స్టివార్ట్, మార్గరెట్ సల్లవాన్) ఒకరంటే ఒకరికి పడక నిత్యం కీచులాడుకుంటారు. పేర్లు చెప్పుకోకుండా ప్రేమలేఖలు రాసుకుంటున్నది కూడా వాళ్ళిద్దరే, ఆ సంగతి వాళ్ళకు తెలియదు. ప్రేమకథకు అడుగున ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం సినిమా పొడుగునా మెదులుతూనే ఉంటుంది. యజమాని ముఖం చిట్లిస్తే చాలు, గుమస్తాల గుండెలు జారిపోతాయి. క్రిస్మస్ ముందురోజు బేరం దండిగా సాగి గల్లా నిండుతుంది. అంతా ఇళ్ళకు పోతుంటే భోజనానికి తోడెవరూ లేని యజమాని మటుషెక్ ఒక్కొక్క ఉద్యోగినీ కదిపి చూసి, చివరికి ఊళ్ళో ఎవరూ లేని కొత్త కుర్రవాణ్ణి వెంటబెట్టుకు వెళ్తాడు. ఈ ఒక్క సన్నివేశం ముందు తర్వాతి కాలపు డజన్ల కొద్దీ సినిమాలు వెలవెలబోతాయి. ఇదే కథను 1949లో 'ఇన్ ద గుడ్ ఓల్డ్ సమ్మర్‌టైమ్'గా, 1998లో ఈమెయిళ్ళ కాలానికి తగ్గట్టు 'యూవ్ గాట్ మెయిల్'గా మళ్ళీ తీశారు.

అమెరికన్ క్రిస్మస్‌కు తెరమీద రూపం ఇచ్చినవారిలో చాలామంది బయటినుంచి వచ్చినవారే. లూబిచ్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. ఆ చిత్రానికి ఆధారమైన నాటకం రాసిన మిక్లోష్ లాస్లో హంగరీ నుంచి అమెరికా చేరాడు. 'హాలిడే ఇన్' (1942) కోసం 'వైట్ క్రిస్మస్' పాట కట్టిన ఇర్వింగ్ బెర్లిన్ రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదు కుటుంబపు బిడ్డ. బిల్లీ వైల్డర్ ఆనాటి ఆస్ట్రియా-హంగరీలో పుట్టిన యూదుడు. ఫ్రాంక్ కాప్రా సిసిలీలో పుట్టి పసితనంలోనే వచ్చాడు. వీరిలో క్రిస్మస్ సొంత పండగ అనదగినది కాప్రాకు ఒక్కడికే. తమది కాని పండగను తీస్తున్నవారి కంటికి ఆచారం కన్నా మనుషుల హడావిడి ముందు ఆనుతుంది. ఈ చిత్రాల్లో దేవుడి ఊసు తక్కువై, దుకాణం సంగతులు ఎక్కువ కావడంలో వింతేమీ లేదు.

యుద్ధకాలపు చిత్రాల్లో 'క్రిస్మస్ ఇన్ కనెక్టికట్' (1945) సరదాగా సాగుతుంది. బార్బరా స్టాన్విక్ పాత్ర తన పల్లె ఇల్లు, భర్త, పసిబిడ్డ, వంటల గురించి పత్రికలో నోరూరించే శీర్షిక రాస్తుంటుంది. నిజానికి ఆమెకు పెళ్ళి కాలేదు, పొయ్యి వెలిగించడం రాదు, ఉండేది న్యూయార్క్ అపార్ట్‌మెంట్‌లో. యుద్ధంలో గాయపడిన నావికుడికి మీ ఇంట్లో పండగ విందు ఇవ్వాలని పత్రిక యజమాని హుకుం జారీ చేయడంతో ఆమె అప్పటికప్పుడు ఇల్లూ మొగుణ్ణీ బిడ్డనూ అరువు తెచ్చుకోవలసి వస్తుంది. లేని సంసారాన్ని అందంగా అలంకరించి లోకానికి చూపించే ఆ తాపత్రయం ఇవాళ్టి ఇన్‌స్టాగ్రామ్ వాడకందార్లకు వివరించనక్కర్లేదు.

'మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్' (1947) వ్యాపారాన్ని నేరుగా పట్టుకుంది. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణంలో శాంటా వేషానికి కుదిరిన ముసలాయన, తానే అసలైన శాంటా క్లాజ్‌నంటాడు. అడిగిన బొమ్మ తమ దగ్గర లేకపోతే ఫలానా దుకాణంలో దొరుకుతుందని కొనేవాళ్ళను పోటీదారుల దగ్గరికే పంపిస్తాడు. యాజమాన్యం మొదట బిత్తరపోతుంది. ఈ నిజాయితీ వల్ల గిరాకీ పెరుగుతోందని తేలగానే అదే తమ వ్యాపార విధానమని చాటుకుంటుంది. తానే శాంటానన్న ఆయన మాట మీద వ్యవహారం కోర్టుకెక్కాక వ్యంగ్యం ఇంకా పదునెక్కుతుంది. శాంటా లేడని తీర్పు చెబితే రాబోయే ఎన్నికల్లో ఓట్లు రాలవని జడ్జిగారి రాజకీయ సలహాదారు ఆయన చెవిలో ఊదుతాడు. చివరికి తపాలా శాఖ శాంటా పేరిట వచ్చిన ఉత్తరాల మూటలను కోర్టు హాల్లోకి మోసుకొచ్చి కుమ్మరిస్తే, కేంద్ర ప్రభుత్వ శాఖే ఒప్పుకున్న సంగతిని తానెలా కాదనగలనని జడ్జి ఊపిరి పీల్చుకుంటాడు. నమ్మకం గెలిచిందని ప్రేక్షకుడు సంతోషిస్తాడు గానీ గెలిపించింది మాత్రం అమ్మకాలు, ఓట్లు, తపాలా గుమస్తాల పని తప్పించుకునే తెలివి. ఎడ్మండ్ గ్వెన్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది. కథానాయిక విడాకులు తీసుకున్న స్త్రీ కావడం క్యాథలిక్ సంస్థ లీజియన్ ఆఫ్ డీసెన్సీకి నచ్చలేదు. ఆ సంస్థ సినిమాను కొంతవరకు అభ్యంతరకరమైన వాటి జాబితాలో చేర్చింది.

ఈ చిత్రాన్ని విడుదల చేసింది వేసవి మొదట్లో. ఆ కాలంలో జనం సినిమాకు ఎక్కువగా వచ్చేది వేసవిలోనేనని స్టూడియో అధిపతి డారిల్ జానక్ పట్టుబట్టడంతో, ప్రకటనల్లో క్రిస్మస్ మాట ఎత్తకుండా జాగ్రత్తపడ్డారు. 'క్రిస్మస్ ఇన్ కనెక్టికట్' వచ్చింది కూడా ఆగస్టులోనే. నవంబరులో వచ్చి డిసెంబరు 25 లోగా డబ్బు రాబట్టుకోవాలన్న లెక్క చాలా తర్వాతిది. తెలుగు సినిమాకు సంక్రాంతి ప్రధానంగా విడుదల తేదీ, కథ సంక్రాంతి చుట్టూ తిరగడం అరుదు. హాలీవుడ్‌లో రానురాను రెండూ ఒకటైపోయాయి.

కాప్రా తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' (1946)ను పూర్తి హాస్యచిత్రమనడం కష్టం. అయినా దాన్ని వదిలి ముందుకు పోవడానికి లేదు. అందులోని మంచును వేసవి షూటింగులో మంటలార్పే నురుగుతో సృష్టించారు. అంతకుముందు తెల్లరంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్ చల్లేవారు. వాటిమీద నడిస్తే కరకరమని చప్పుడయ్యేది. విడుదలైనప్పుడు నష్టపోయిన ఈ సినిమా హక్కులను 1974లో పునరుద్ధరించుకోవడం మరిచారు. ఫలితంగా టీవీ కేంద్రాలు ఏటా దాన్ని తెగ ప్రసారం చేశాయి. క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి పాత సినిమా మళ్ళీ చూసే అలవాటు బలపడటంలో ఈ పొరపాటు పాత్ర చిన్నది కాదు.

వైల్డర్ 'ద అపార్ట్‌మెంట్' (1960) పండగ హాస్యాన్ని పెద్దల లోకంలోకి తెచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ గుమస్తా బాక్స్‌టర్ ప్రమోషన్ ఆశతో తన గది తాళంచెవిని పై అధికారుల చాటుమాటు వ్యవహారాలకు ఇస్తుంటాడు. ఆఫీసు క్రిస్మస్ పార్టీ తాగుడుతో, కేకలతో హోరెత్తుతుండగా, తాను మనసుపడిన అమ్మాయి చేతి పగిలిన అద్దం చూసి, తన గదికి వస్తున్నది ఆమేనన్న అసలు సంగతి అతనికి తెలిసిపోతుంది. ఆ పక్క సన్నివేశాల్లోనే ఆత్మహత్యాయత్నం ఉంది, నవ్వూ ఉంది. ఈ రెంటినీ తొట్రుపడకుండా కలపగలిగిన క్రిస్మస్ సినిమా మళ్ళీ రాలేదు. దానికి ఉత్తమ చిత్రంతో కలిపి ఐదు ఆస్కార్లు దక్కాయి.

1983లో రెండు ముఖ్యమైన చిత్రాలు వచ్చాయి. 'ట్రేడింగ్ ప్లేసెస్'లో ఇద్దరు ముసలి కోటీశ్వరులు ఒక్క డాలరు పందెం కోసం తమ ఉద్యోగిని వీధిపాలు చేసి, వీధిలోని ఎడ్డీ మర్ఫీని అతని కుర్చీలో కూర్చోబెడతారు. మాసిన శాంటా దుస్తుల్లో డాన్ అక్రాయిడ్ విందులోని చేపను దొంగిలించి నమలడం చూస్తే నవ్వాలో జాలిపడాలో తెలియదు. ప్రభుత్వ పంట నివేదికను ముందే చేజిక్కించుకుని నారింజరసం వాయిదా వ్యాపారంలో లాభపడే చివరి ఘట్టానికి చట్టంలోనూ చోటు దక్కింది. అలాంటి రహస్య ప్రభుత్వ సమాచారంతో వ్యాపారం చేయడాన్ని నిషేధించిన 2010 నాటి నిబంధనను 'ఎడ్డీ మర్ఫీ రూల్' అని పిలుస్తారు. రెండోది 'ఎ క్రిస్మస్ స్టోరీ'. జీన్ షెపర్డ్ బాల్యకథల ఆధారంగా తీసినది. ఛర్రా తుపాకీ కావాలని ఒక పిల్లవాడు, కన్ను పోతుందని పెద్దవాళ్ళు, మొత్తం కథ ఇంతే. దర్శకుడు బాబ్ క్లార్క్ అంతకు తొమ్మిదేళ్ళ ముందు 'బ్లాక్ క్రిస్మస్' అనే భయానక చిత్రం తీసినవాడు. థియేటర్లలో ఒక మోస్తరుగా ఆడిన 'ఎ క్రిస్మస్ స్టోరీ'ని 1997 నుంచి కేబుల్ చానల్లో పండగ రోజున 24 గంటలూ వరుసగా వేస్తూ వచ్చారు. చిత్రీకరణ జరిగిన క్లీవ్‌లాండ్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

ఆ తర్వాతి పదేళ్ళు జాన్ హ్యూస్‌వి. ఆయన రాసిన 'నేషనల్ లాంపూన్స్ క్రిస్మస్ వెకేషన్' (1989)లో క్లార్క్ గ్రిస్వాల్డ్ ఇంటికి పాతికవేల బల్బులు కడతాడు. అత్తమామలు, తల్లిదండ్రులు దిగుతారు. పిలవని తోడల్లుడు వరస ఎడ్డీ పిల్లాజెల్లాతో పాత వ్యానులో వచ్చి ఇంటిముందు మకాం వేస్తాడు. రాబోయే బోనస్‌ను నమ్ముకుని క్లార్క్ ఈతకొలనుకు ముందే చెక్కు రాసేశాడు. తీరా కవరు విప్పితే నెలనెలా జెల్లీ సీసా పంపే క్లబ్బు సభ్యత్వం! మధ్యతరగతి సంసారి ఒళ్ళు మండే క్షణాన్ని ఇంత సూటిగా తీసిన క్రిస్మస్ సినిమా మరొకటి లేదు.

ఈ చిత్రానికి మొదట దర్శకుడిగా అనుకున్న క్రిస్ కొలంబస్, హీరో చెవీ చేజ్‌తో పొసగక తప్పుకున్నాడు. హ్యూస్ అతనికి ఇంకో స్క్రిప్టు పంపాడు. అది 'హోమ్ అలోన్' (1990). పారిస్ ప్రయాణపు హడావిడిలో తల్లిదండ్రులు ఎనిమిదేళ్ళ కెవిన్‌ను ఇంట్లో మరిచిపోతారు. వాడు ఇద్దరు దొంగలను ఇస్త్రీపెట్టె, రంగు డబ్బాలు, కాల్చిన తలుపు పిడితో ముప్పుతిప్పలు పెడతాడు. వార్నర్ బ్రదర్స్ బడ్జెట్ దగ్గర వెనక్కి తగ్గితే ఫాక్స్ అందుకుంది. సుమారు 1.8 కోట్ల డాలర్ల ఖర్చుకు ప్రపంచవ్యాప్తంగా 47 కోట్లకు పైగా వసూలైంది. అమెరికా బాక్సాఫీసులో వరుసగా పన్నెండు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. దెబ్బల సన్నివేశాలే అందరికీ గుర్తుంటాయి. సినిమాను నిలబెట్టింది మాత్రం చర్చిలో కెవిన్, కొడుకుతో మాటల్లేని పక్కింటి ముసలాయన పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే ఐదు నిమిషాలు, జాన్ విలియమ్స్ సంగీతం.

కొనుగోళ్ళ పిచ్చి మీద 'జింగిల్ ఆల్ ద వే' (1996) వచ్చింది. ఒక్క బొమ్మ కోసం ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఊరంతా పరుగెడతాడు. ఉద్దేశం బాగుంది, సినిమా అంతంతమాత్రం. జాన్ గ్రిషమ్ నవల ఆధారంగా తీసిన 'క్రిస్మస్ విత్ ద క్రాంక్స్' (2004)లో కూతురు విదేశం వెళ్ళిందని తల్లిదండ్రులు ఈ ఏడు పండగ మానేసి ఓడ విహారానికి పోదామనుకుంటారు. ఇంటికప్పు మీద మంచుమనిషి బొమ్మ పెట్టనందుకు వీధి వీధంతా వాళ్ళమీద విరుచుకుపడుతుంది. కూతురు వస్తున్నానని ఫోన్ చేయగానే సినిమా తన ప్రశ్నను తానే వదిలేసి వీధి పక్షం చేరిపోతుంది. పండగ చేసుకోకుండా ఉండే హక్కు మనిషికి ఉందా అన్న ఆ ప్రశ్న మంచిది, ఇంకా ధైర్యమున్న దర్శకుడి చేతిలో పడవలసింది.

2003 నవంబరులో ఎదురెదురు చిత్రాలు రెండు విడుదలయ్యాయి. జాన్ ఫావ్రో 'ఎల్ఫ్'లో ఉత్తర ధ్రువంలో మరుగుజ్జుల మధ్య పెరిగిన మనిషి న్యూయార్క్‌లో తండ్రిని వెతుక్కుంటూ వస్తాడు. ఆ పాత్ర వేసిన విల్ ఫెరెల్‌ను వారికంటే భారీగా చూపడానికి కంప్యూటర్ మీద ఆధారపడక, చాలాచోట్ల కెమెరాకు దగ్గర, దూరాల తేడాతో కట్టిన సెట్లు వాడారు. అతను పనికి కుదిరే గింబెల్స్ దుకాణం నిజ జీవితంలో 1980లలోనే మూతపడింది. టెరీ జ్విగోఫ్ 'బ్యాడ్ శాంటా'లో మాల్ శాంటా తాగుబోతు, దొంగ, నోటి దురుసు మనిషి. ఒకటి పంచదార, ఇంకోటి కాకరకాయ. అయినా రెండింటిలోనూ కథ ఒక ఒంటరి పిల్లవాడి దగ్గరికే చేరుతుంది.

భారతీయ మూలాలున్న కథానాయకుడు ఈ తరహాలోకి వచ్చింది 'ఎ వెరీ హెరాల్డ్ అండ్ కుమార్ 3డీ క్రిస్మస్' (2011)తో. న్యూజెర్సీలో గుజరాతీ దంపతులకు పుట్టిన కాల్ పెన్, కొరియన్ మూలాలున్న జాన్ చో అందులో జంట. మామగారు ప్రాణంగా పెంచుకున్న క్రిస్మస్ చెట్టు కాలిపోతే, ఆయన తిరిగొచ్చేలోగా ఇంకోటి తేవడం వాళ్ళ పని. హాస్యం మొరటుదే. అయినా ఆ ఇద్దరూ సొంత పండగలాగే దీనికోసం పరుగులు పెడతారు, అది వింతని సినిమాలో ఎవరూ అనరు.

2009లో హాల్‌మార్క్ చానల్ 'కౌంట్‌డౌన్ టు క్రిస్మస్' మొదలుపెట్టాక ఏటా డజన్ల కొద్దీ ప్రేమకథలు వస్తున్నాయి. నగరం నుంచి చిన్న ఊరికి వచ్చే అమ్మాయి, అక్కడి మంచి అబ్బాయి, కాస్త మంచు. స్ట్రీమింగ్ సంస్థలదీ అదే దారి. ఈ వెల్లువలో నిలిచేది అలెగ్జాండర్ పేన్ 'ద హోల్డోవర్స్' (2023) ఒక్కటే. 1970లో సెలవులకు ఇంటికి పోలేక బడిలో మిగిలిపోయిన కుర్రవాడు, చిరచిరలాడే మాస్టారు, వియత్నాం యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న వంటామె కలిసి పండగ గడుపుతారు. వంటామె పాత్రకు డావైన్ జాయ్ రాండాల్ఫ్ ఉత్తమ సహాయ నటి ఆస్కార్ అందుకుంది.

పిల్లలతో కలిసి చూడదలచినవారు 'మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్', 'ఎ క్రిస్మస్ స్టోరీ', 'హోమ్ అలోన్', 'ఎల్ఫ్' నిశ్చింతగా పెట్టుకోవచ్చు. 'ట్రేడింగ్ ప్లేసెస్', 'బ్యాడ్ శాంటా', కుమార్ సినిమా, 'ద హోల్డోవర్స్' నాలుగింటికీ ఆర్ రేటింగ్ ఉంది. వాటిని పిల్లలు పడుకున్నాకే చూడాలి.