పీల్చే యంత్రం, పరుపులో తేమ

ఇంటింటికీ తిరిగి వాక్యూమ్ క్లీనర్ అమ్మేవాళ్లు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకే ప్రదర్శన ఇస్తారు. శుభ్రంగానే ఉందనుకుంటున్న పరుపు మీద యంత్రాన్ని నడిపి, గొట్టానికి అడ్డుపెట్టిన నల్లగుడ్డను విప్పి చూపిస్తారు. దాని మీద పేరుకున్న బూడిదరంగు పొడిని చూసి ఇంటివాళ్లు బెంబేలెత్తుతారు. ఆ పొడిలో మోసమేమీ లేదు, అది పరుపులోంచి వచ్చిందే. చిక్కంతా దాన్నిబట్టి మనం చేసుకునే నిర్ధారణలో ఉంది. యంత్రం లోపలికి ఎంత వచ్చిందో ఆ గుడ్డ చెబుతుంది గాని, పరుపులో ఎంత మిగిలిందో చెప్పదు. ఈ యంత్రం 120 ఏళ్లుగా ఎదిగిన తీరంతా ఈ ఒక్క కొలతకే కట్టుబడి ఉంది. ఎంత గట్టిగా పీలుస్తుంది, పీల్చినదాన్ని ఎంత భద్రంగా పట్టి ఉంచుతుంది అన్నదే చూశారు. ఆ పరీక్షలో అది అద్భుతంగా నెగ్గింది. ఉబ్బసం, తుమ్ములు తెచ్చే దుమ్ము పురుగుల విషయంలో మాత్రం అడగవలసిన ప్రశ్న వేరు.

యంత్రం పుట్టుకే ఇలాంటి గుడ్డ పరీక్షతో ముడిపడి ఉంది. 1901లో లండన్‌లోని ఎంపైర్ మ్యూజిక్ హాల్‌లో ఒక అమెరికన్ యంత్రాన్ని ప్రదర్శించారు. అది గాలిని ఊది దుమ్మును లేపేది. లేచిన దుమ్ములో కొంత పెట్టెలో పడేది, మిగిలింది గదంతా పరుచుకునేది. హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే యువ ఇంజనీరు అది చూసి, ఊదే బదులు పీల్చకూడదా అని అడిగాడు. అది కుదిరే పని కాదని సమాధానం వచ్చింది. ఆ తర్వాత ఆయన ఒక హోటల్లో కుర్చీ మెత్త మీద చేతిరుమాలు పరిచి, నోటితో గట్టిగా పీల్చి చూశాడట. దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు గాని, రుమాలు అడుగున నల్లటి మచ్చ పడింది. బూత్ అంతకుముందు జెయింట్ వీల్స్ నిర్మాణంలో పనిచేసినవాడు, పెద్ద యంత్రాలంటే జంకు లేనివాడు. ఆయన కట్టిన తొలి వాక్యూమ్ క్లీనర్ గుర్రాలు లాగే బండి. పెట్రోల్ ఇంజిన్ వీధిలో మోగుతుంటే, పొడవాటి గొట్టాలు కిటికీల్లోంచి ఇళ్లలోకి వెళ్లేవి. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబ్బే తివాచీలను దానితోనే శుభ్రం చేశారు. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది: దుమ్ము లాగే ఇంజిన్ ఇంటి బయట ఉండేది, అది వదిలే గాలి కూడా బయటికే పోయేది. యంత్రం చిన్నదై ఇంట్లోకి వచ్చాక ఈ సుగుణం పోయింది. మళ్లీ దాన్ని సంపాదించుకోవడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

ఇంట్లోకి తెచ్చినవాడు ఉబ్బసం రోగి కావడం ఈ కథలో తమాషా. జేమ్స్ మరే స్పాంగ్లర్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. తివాచీలు ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము ఆయనకు ఊపిరాడనిచ్చేది కాదు. ఫ్యాన్ మోటారు, సబ్బుల పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం తయారుచేసుకున్నాడు. 1908 జూన్‌లో పేటెంటు వచ్చింది. బంధువైన సుసాన్ హూవర్‌కు ఒక యంత్రం ఇస్తే, ఆమె భర్త విలియం హూవర్ ఆ పేటెంటు కొని వ్యాపారం మొదలుపెట్టాడు. తోలు సామాను చేసే ఆ కుటుంబం పేరు తర్వాత బ్రిటన్‌లో ఈ యంత్రానికే పేరైంది. కానీ స్పాంగ్లర్ వాడిన దిండు గలీబును ఒక్కసారి తలచుకోండి. పెద్ద చెత్త అందులో ఆగేది, సన్నటి ధూళి నేతలోంచి దూరి తిరిగి గదిలోకే వచ్చేది. యంత్రం లేకముందు చాలాకాలం నేల మీద పడి ఉండే ధూళి, ఇప్పుడు మనిషి ముక్కు ఎత్తుకు చేరేది. ఉబ్బసం మనిషి సృష్టించిన యంత్రం ఉబ్బసం ఉన్నవాళ్లకు అనువైనదేమీ కాదు.

అసలు ఆ ధూళిలో ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇంటి దుమ్ము కొందరికి పడదని 1920ల నుంచీ వైద్యులు గమనిస్తూనే ఉన్నారు. దోషి ఎవరో 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా బృందం తేల్చింది. అది డెర్మటోఫగాయిడిస్ అనే ఎనిమిది కాళ్ల జీవి, సాలీడుకు దూరపు చుట్టం, మిల్లీమీటరులో మూడో వంతు పొడవు. మన చర్మం నుంచి రాలే పొలుసులే దానికి తిండి. మనల్ని కుట్టదు, రక్తం తాగదు. దాని విసర్జనే మనకు చేటు. ఒక్కో పురుగు రోజుకు సుమారు 20 గుళికలు విడుస్తుంది. ఆ గుళికల్లో ఉండే డెర్ పి 1 అనే ప్రొటీన్‌ను 1980లో చాప్‌మన్, ప్లాట్స్-మిల్స్ వేరు చేశారు. అది పురుగు కడుపులో తిండిని అరిగించే ఎంజైము. మన శ్వాసనాళాల్లో పడ్డప్పుడు కూడా అదే పని చేస్తుంది, లోపలి పొరలో కణాల మధ్య ఉండే అతుకులను తెంచుతుంది. ఆ దారిన లోపలికి చేరిన ప్రొటీన్ల మీద శరీరం యుద్ధం ప్రకటిస్తుంది. పురుగు చచ్చినా గుళికలు చావవు. నెలల తరబడి పరుపులోనే ఉంటాయి.

ఈలోగా యంత్రానికి ఒక గొప్ప తోడు దొరికింది. అది మనం హెపా అని పిలిచే వడపోత కాగితం. రెండో ప్రపంచ యుద్ధంలో విషపు పొగలను ఆపడానికి గ్యాస్ మాస్కుల్లో వాడిన కాగితం దీనికి మూలం. తర్వాత అణుబాంబు తయారీ కేంద్రాల్లో రేడియోధార్మిక ధూళిని ఆపడానికి దాన్ని పెద్ద ఎత్తున మెరుగుపరిచారు. తొలి రకాల్లో రాతినార కలిపేవారు. ఊపిరితిత్తులను కాపాడే కాగితంలో ఊపిరితిత్తులను తినే నార, ఆ కాలపు అమాయకత్వం అది. తర్వాత గాజునార వచ్చింది. ఈ కాగితం జల్లెడ లాంటిదని చాలామంది అనుకుంటారు గాని, దాని పని వేరు. అడ్డదిడ్డంగా పరుచుకున్న నారల మధ్య నుంచి గాలి మెలికలు తిరుగుతూ పోతుంది. బరువైన కణాలు మలుపు తిరగలేక నారకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ చెదురుతూ ఎక్కడో ఒకచోట అంటుకుంటాయి. రెంటికీ మధ్య, సుమారు 0.3 మైక్రాన్ల దగ్గర ఉన్నవే తప్పించుకోవడానికి ఎక్కువ వీలున్నవి. అందుకే ఆ పరిమాణం దగ్గర 99.97 శాతం పట్టాలని ప్రమాణం పెట్టారు. దానికంటే పెద్దవీ చిన్నవీ ఇంకా బాగా చిక్కుతాయి. దుమ్ము పురుగు గుళిక సుమారు 20 మైక్రాన్లు ఉంటుంది, ఇక దానికి తప్పించుకునే దారే లేదు.

మరి సమస్య తీరిపోవాలి కదా? తీరలేదు. కారణం ఆ 20 మైక్రాన్లలోనే ఉంది. అంత బరువైన గుళిక గాలిలో ఎక్కువసేపు తేలదు. పక్క దులిపినప్పుడు లేచి, అరగంటలోపే మళ్లీ కిందికి దిగుతుంది. పిల్లి ఒంటి నుంచి వచ్చే అలర్జీ పదార్థం అలా కాదు, చాలా సన్నటి కణాల మీద గంటల తరబడి గాలిలో తిరుగుతుంది. కాబట్టి గది మూలన పెట్టే ఎయిర్ ప్యూరిఫయర్ పిల్లి ధూళిని ఎంతో కొంత పట్టగలదు. దుమ్ము పురుగుల విషయంలో అది రాని అతిథి కోసం తలుపు తీసి కూర్చుంటుంది. మనం తలగడలో ముఖం పెట్టి పడుకున్నప్పుడు గుళికకూ ముక్కుకూ మధ్య బెత్తెడు దూరం కూడా ఉండదు, అక్కడ ఏ ఫిల్టరూ లేదు. వాక్యూమ్ క్లీనర్ పైపొర గుళికలను తీస్తుంది, నిజమే. కానీ బతికున్న పురుగులు నార పోగులను కాళ్లతో గట్టిగా పట్టుకుని లోలోపల ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం పీల్పుకు రావు. వారం తిరిగేసరికి గుళికల లెక్క మళ్లీ మొదలవుతుంది.

పురుగు బతుకు దేనిమీద ఆధారపడిందో చూస్తే ఈ సమస్యలో దుమ్ము కంటే నీరే ముఖ్యమని తెలుస్తుంది. అది నీళ్లు తాగదు. కాళ్ల మొదట ఉన్న గ్రంథుల నుంచి ఊరే ఉప్పు ద్రవం గాలిలో తేమను పీల్చుకుంటే, ఆ నీటితో బతుకుతుంది. గాలిలో తేమ 50 శాతం కంటే తక్కువగా ఎక్కువ రోజులు నిలిస్తే ఎండిపోయి చస్తుంది. ఆల్ప్స్ పర్వతాల్లో 1,500 మీటర్లకు పైనున్న దావోస్‌లో గాలి పొడిగా ఉండటం వల్ల ఇళ్లలో ఈ పురుగులు బహు తక్కువ. పల్లపు ప్రాంతాల నుంచి అక్కడికి పంపిన ఉబ్బసం పిల్లలు తేరుకునేవారు. అక్కడ కూడా మనుషుల చర్మం రాలుతూనే ఉంటుంది, తిండికి కొదవ లేదు. కొరత నీటికే.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2008లో గెట్షె, యోహన్సెన్ అనే డెన్మార్క్ పరిశోధకులు 54 ప్రయోగాలను, 3,002 మంది రోగులను కలిపి పరిశీలించి, పురుగుల నియంత్రణ చర్యలు ఉబ్బసాన్ని తగ్గించినట్టు కనబడలేదని తేల్చారు. అంతకుముందు 2003లో బ్రిటన్‌లో 1,122 మంది పెద్దలకు పరుపు తొడుగులిచ్చి చూసినా ఫలితం లేదు. అలాంటప్పుడు ఈ తాపత్రయమంతా దేనికి? నా ఉద్దేశంలో ఆ ఫలితాలు నిజమే, కాని అవి చెప్పేది చాలామంది అనుకునేది కాదు. ఏదో ఒక్క ఉపాయం, ఎవరికైనా సరే, పనిచేస్తుందన్న ఆశను అవి కొట్టేశాయి. పెద్దవాళ్లలో జబ్బు ముదిరి ఉంటుంది, ఒక్క అలర్జీయే దానికి కారణం కాదు. 2017లో మాంచెస్టర్ ప్రాంత పరిశోధకులు పురుగు అలర్జీ ఖాయంగా ఉండి, అప్పటికే ఉబ్బసంతో ఆసుపత్రికి వచ్చిన 284 మంది పిల్లలను ఎంచుకున్నారు. పురుగులు దూరలేని తొడుగులు వాడిన పిల్లల్లో ఏడాదిలో 29.3 శాతం మంది, ఉత్తుత్తి తొడుగులు వాడినవాళ్లలో 41.5 శాతం మంది మళ్లీ ఆసుపత్రికి వెళ్లారు. స్టెరాయిడ్ మందులు అవసరపడటంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఆ సంగతీ కలిపే చెప్పాలి. 2004లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 937 మంది నగర పిల్లల ఇళ్లలో తొడుగులు, హెపా యంత్రాలు, బొద్దింకల నియంత్రణ అన్నీ కలిపి చేస్తే, ఉబ్బసం లక్షణాలున్న రోజులు తగ్గాయి. అలర్జీ పరీక్ష చేయించి, నిజంగా పురుగే కారణమైన వాళ్లకు, అనేక పనులు కలిపి చేయాలి. ఈ నిబంధన వినడానికి చప్పగా ఉంటుంది, అందుకే ఏ ప్రకటనలోనూ కనబడదు.

ఆంధ్ర కోస్తాలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ 50 శాతం పైనే ఉంటుంది, అక్కడ ఏం చేస్తామని మరో ప్రశ్న. గది మొత్తాన్ని ఎండబెట్టలేకపోయినా పరుపును ఎండబెట్టవచ్చు. తివాచీలను నేరుగా ఎండలో వేస్తే పురుగులన్నీ చావగలవని సిడ్నీ పరిశోధకులు 1994లో చూపించారు. దూది పరుపులనూ బొంతలనూ మిట్ట ఎండలో వేసే మన అలవాటుకు ఇది మంచి ఆధారం. దాంతో సరిపోదని వెంటనే అనాలి, ఎందుకంటే ఎండ పురుగును చంపుతుంది గాని గుళికను తీసేయదు. అందుకు దులపాలి, అదీ అలర్జీ లేనివాళ్లు, బయట. దుప్పట్లు, గలీబులు ఉతికితే చల్లటి నీళ్లలో కూడా ప్రొటీన్ కరిగి చాలావరకు పోతుంది, కానీ పురుగు చావాలంటే నీళ్లు 55 డిగ్రీలు దాటాలి. స్పాంజి పరుపులు వచ్చాక ఎండలో వేసే అలవాటు పోయింది, నాలుగో అంతస్తు ఫ్లాటులో అది అయ్యే పని కూడా కాదు. అక్కడ జిప్పు ఉన్న మందపాటి తొడుగు ఎండకు ప్రత్యామ్నాయం. గచ్చు నేలలున్న ఇళ్లలో తడిగుడ్డ పెట్టడం చాలు, దుమ్మును లేపకుండా తీస్తుంది.

మరి వాక్యూమ్ క్లీనర్ ఎవరికి? తీసి పారేయలేని కార్పెట్ ఉన్నవాళ్లకు. అమెరికాలో, బ్రిటన్‌లో అద్దె అపార్టుమెంట్లలో ఉండే తెలుగు కుటుంబాలకు నేలంతా పరిచిన కార్పెట్ ఇంటితో పాటే వస్తుంది. వాళ్లు యంత్రం కొనేటప్పుడు పీల్చే బలం కంటే గాలి ఎక్కడి నుంచి బయటికి వస్తుందో చూడాలి. హెపా కాగితం ఎంత మంచిదైనా, దాని చుట్టూ రబ్బరు అతుకు బిగువుగా లేకపోతే గాలి పక్క నుంచి పోతుంది. సంచి మార్చేటప్పుడు, దుమ్ము డబ్బా ఖాళీ చేసేటప్పుడు లేచే ధూళి కూడా తక్కువేమీ కాదు, కాబట్టి ఆ పనీ, ఊడ్చే పనీ అలర్జీ లేనివాళ్లు చేయడం మంచిది. కుదిరితే ఇంటి యజమానిని అడిగి పడకగది ఒక్కదాంట్లోనైనా కార్పెట్ తీయించడం, ఎంత ఖరీదైన యంత్రం కొనడం కంటేనైనా ఎక్కువ మేలు.